సన్నగీత

"అందం అన్నం పెడుతుందా?" అని పెద్దవాళ్ళు అడుగుతూ ఉంటారు. పెట్టదు, నిజమే. కానీ అరిటాకు కొస ఎడమచేతి వైపు ఉండాలనీ, ఉప్పు ఈ మూల వెయ్యాలనీ, పులుసు వచ్చి కూరలో కలవకూడదనీ చెప్పేది కూడా ఆ పెద్దవాళ్ళే. అంతా ఒకచోట కుమ్మరించినా కడుపు నిండుతుంది. మనసే నిండదు. అంచేత అందం గురించి మనం పైకి అనేది ఒకటీ, లోపల నమ్మేది మరొకటీ.

సరే, అందం కావాలి. ఒప్పుకున్నాం. మరి దాని ఖరీదెంత? ఆ ఖరీదు ఎవరిస్తున్నారు? చీరల కొట్లో అయితే బిల్లు చేతికిస్తారు గనక జవాబు సులువు. బిల్లు లేని అందాలతోనే వచ్చింది చిక్కు. అలాంటి అందం ఒకటి రోజూ మీ కళ్ళముందే తిరుగుతూ ఉంటుంది. అది అచ్చక్షరం.

అచ్చక్షరానికి అందం ఏమిటండీ, చదవడానికి వస్తే చాలదూ అంటారేమో. ఇప్పుడీ పేజీ చదువుతున్నారు కదా, మీ దృష్టి మాటల మీద ఉంది గాని అక్షరాల ఒంపుల మీద లేదు. అలా ఉండడమే సబబు కూడా. కాని కొన్ని అక్షరాలున్నాయి, ముందు మమ్మల్ని చూడండి, ఆ తరువాత మాట చదువుకుందురు గాని అంటాయి. పెళ్ళిలో పట్టుచీర గరగరలాడించుకుంటూ గుమ్మంలో నిలబడ్డ పెద్దాడబడుచులాగ!

'వోగ్' అని ఒక ఫ్యాషన్ పత్రిక ఉంది. 1892లో అమెరికాలో పుట్టింది. 2007లో మన దేశానికీ వచ్చింది. కొనకపోయినా ఏ బ్యూటీ పార్లర్ బల్ల మీదో చూసే ఉంటారు. అట్టమీద ఆ పేరు రాసిన అక్షరాల తీరు చూడండి. ఒక గీత నిండుగా, నల్లగా, లావుగా ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న మరో గీత వెంట్రుకలాగా ఉంటుంది. రెప్పల దగ్గర ఒత్తుగా మొదలై, కంటికొసకి వచ్చేసరికి గాలికి చెరిగిపోతుందేమో అన్నంత సన్నగా తేలిపోయే కాటుకరేఖ ఉంటుందే, అచ్చం అలాగన్నమాట. ఈ రకం అక్షరాలకి ఫ్రాన్సులో దిదో వంశం వారు, ఇటలీలో బొదోని అనే ఆయన ప్రాణం పోశారు. ఇవాళ్టికీ నగల ప్రకటన అయినా, అత్తరు సీసా అయినా, ఖరీదైన పెళ్ళిపత్రిక అయినా, 'మాది గొప్పింటి సరుకు' అని చెప్పదలిస్తే ఈ అక్షరాలనే పిలుస్తారు.

మీరో చిన్న పని చేసి చూడండి. అట్టమీది ఆ పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషు 'వి'. దాని సన్నగీతని వేలితో కప్పండి. మిగిలేది ఒరిగిపోయిన కర్ర. తరువాతిది 'ఓ'. దాని పైనా కిందా ఉన్న సన్నటి చోట్లు కప్పండి. ఎదురెదురుగా రెండు నెలవంకలు మిగులుతాయి గాని సున్నా మిగలదు. చివరి అక్షరం 'ఇ'. దాని అడ్డగీతలు మూడూ కప్పేస్తే ఉత్త పందిరిరాట! లావుగీతే ముందు కంటికి ఆనుతుంది. మెచ్చుకునేదీ దాన్నే. కాని అది ఏ అక్షరమో చెబుతున్నది మాత్రం సన్నగీత.

ఇంత తేడా గీతల మధ్య ఎలా వచ్చింది? ఇది కలం నేర్పిన విద్య. మన అమ్మమ్మల కాలంలో బళ్ళో నాలుగు గీతల కాపీ పుస్తకం ఉండేది. సిరాబుడ్డిలో పాళీ ముంచి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించేవారు. పైనుంచి కిందికి దిగేటప్పుడు పాళీని నొక్కాలి. చీలిక విచ్చుకుని లావుగీత పడుతుంది. కిందనుంచి పైకి పోయేటప్పుడు చెయ్యి తేలిక చెయ్యాలి. సన్నగీత పడుతుంది. సరిగ్గా పడకపోతే వేళ్ళ కణుపుల మీద ఇంకో గీత పడేది, అది వేరే సంగతి. 18వ శతాబ్దంలో యూరపులో రాత మాస్టర్ల చేతుల్లో ఉన్న ఈ నడకనే అచ్చువాళ్ళు సీసపు అక్షరాల్లోకి తెచ్చుకున్నారు.

ఆ దారిలో ముందు నడిచినవాడు బర్మింగ్‌హామ్‌లోని జాన్ బాస్కర్‌విల్. 1706లో పుట్టాడు. రాత నేర్పాడు, రాళ్ళమీద అక్షరాలు చెక్కాడు. ఆ తరువాత పళ్ళేలకీ పెట్టెలకీ నల్లని మెరుపు పూత పూసే వ్యాపారంలో దిగి బాగా గడించాడు. చేతిలో డబ్బు ఆడుతున్న మనిషి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. 1750 ప్రాంతాల్లో అచ్చుపనిలోకి దిగి, ఏళ్ళ తరబడి ఆ డబ్బు పోసి, 1757లో లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలతో తన మొదటి పుస్తకం తెచ్చాడు. అప్పటిదాకా ఇంగ్లండులో వాడుకలో ఉన్న అక్షరాలకంటే అతని అక్షరాల్లో లావుకీ సన్నానికీ తేడా ఎక్కువ, కొసలు పదును.

అయితే అక్షరం ఒక్కటి మారిస్తే చాలలేదు. గుంటలు పడ్డ వాకిట్లో సన్నముగ్గు వేసి చూడండి, తెలుస్తుంది. ఊడ్చి, కళ్ళాపి చల్లి, నేల సర్దుకున్నాక వేస్తేనే ముగ్గు. అలాగే గరుకు కాగితం మీద సన్నగీత నిలవదు. అంచేత వర్జిల్ పుస్తకంలో కొంతభాగానికి అప్పుడప్పుడే వస్తున్న నునుపు కాగితం వాడాడు. అచ్చయిన కాగితాలను వేడి రాగిరేకుల మధ్య పెట్టి ఒత్తించాడు. గంజిపెట్టిన చీరకి ఇస్త్రీ లాంటిదన్నమాట. సిరా చిక్కగా, నల్లగా ఉండేట్టు తనే తయారు చేయించుకున్నాడు. ఇంత కళ్ళాపి చల్లితేగాని ఆ సన్నగీత నిలవలేదు. చూసినవాళ్ళు మెచ్చుకున్నది మాత్రం ముగ్గునే.

అందరూ మెచ్చుకున్నారని కూడా కాదు. అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్, తనూ అచ్చుపని చేసినవాడే, 1760లో బాస్కర్‌విల్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఎవరో ఒకాయన ఫ్రాంక్లిన్‌తో, బాస్కర్‌విల్ అక్షరాల గీతలు మరీ సన్నం, అవి చదివితే దేశంలో అందరి కళ్ళూ పోతాయి, నాకైతే ఒక్క వాక్యం చదివినా నొప్పే అన్నాడట. ఫ్రాంక్లిన్ ఏం చేశాడంటే, అప్పట్లో అందరూ వాడుతున్న కాస్లన్ అనే ఆయన అక్షరాల నమూనా కాగితం తీసి, పైన పేరున్న ముక్క చింపేసి, ఇవే బాస్కర్‌విల్ అక్షరాలు, తప్పులెక్కడున్నాయో చూపించండి అని ఆ పెద్దమనిషి చేతికిచ్చాడు. ఆయన వరసగా తప్పులు పట్టుకుంటూ పోయాడు. చదువుతుంటే కళ్ళు నొప్పెడుతున్నాయని కూడా అన్నాడు! పాపం, సిగ్గుపడతాడని ఫ్రాంక్లిన్ అసలు సంగతి చెప్పలేదట.

ఈ కథ మన ఇళ్ళల్లో కొత్త కాదు. కోడలు పెట్టిన పులుసులో ఉప్పెక్కువైందని పెదవి విరిచిన నాలుకే, అదే పులుసు కూతురు పెట్టిందంటే రెండోసారి వడ్డించుకుంటుంది. పేరు చూసి రుచి చెప్పేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కాని ఆ పెద్దమనిషి బుద్ధి వంకరదైనా, భయం మాత్రం పూర్తిగా వంకరది కాదు. గీత మరీ సన్నమైతే కంటికి కష్టమే. ఆ తరువాత వచ్చినవాళ్ళు ఆ సంగతి రుజువు చేశారు.

ఆ వచ్చినవాళ్ళలో పెద్దవాడు జాంబాటిస్టా బొదోని. 1740లో ఇటలీలోని సలుత్సోలో, అచ్చుపని చేసే ఇంట్లోనే పుట్టాడు. 1768లో పార్మా పాలకుడు పిలిచి తన ముద్రణాలయం అప్పగిస్తే బతికినంతకాలం అక్కడే ఉండిపోయాడు. పారిస్‌లో ఫిర్మిన్ దిదో ఈ తరహా అక్షరాలు చెక్కినప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు. అంటే 1784 ప్రాంతం. వీళ్ళిద్దరి చేతుల్లో లావుగీత నిట్టనిలువుగా నిలబడింది. సన్నగీత వెంట్రుకవాసికి దిగింది. అక్షరం కొసలకి పీటలాగా ఉండే చిన్న అడ్డగీత ఉంటుంది, సెరిఫ్ అంటారు. పాత అక్షరాల్లో ఆ పీటకీ అక్షరానికీ మధ్య చిన్న ఒంపు ఉండి ఆసరా ఇచ్చేది. వీళ్ళు ఆ ఒంపు కూడా తీసేశారు. ఒట్టి సన్నగీత మీద అంత లావు స్తంభం!

అప్పట్లో అక్షరం తయారవడం అంటే ఉక్కు కడ్డీ కొసన ఆ రూపాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగిపలకలో దిగ్గొట్టాలి. ఆ గుంటలో కరిగిన సీసం పొయ్యాలి. ఉక్కుమీద వెంట్రుకంత గీత మిగిలేట్టు చుట్టూ ఉన్నదంతా ఆకురాయితో తీసెయ్యడం ఎంత ఓర్పుతో కూడిన పనో, బియ్యంలో మట్టిగడ్డలు ఏరిన కళ్ళకి చెప్పక్కర్లేదు. బొదోని తన జీవితంలో ఇలాంటివి వేలకొద్దీ చేయించాడు. అక్షరానికి నాలుగు గుణాలుండాలని ఆయన నమ్మకం: ఒకే క్రమం, పరిశుభ్రత, మంచి అభిరుచి, సొగసు. ఇల్లు దిద్దుకునే ఆవిడ చెప్పినట్టు లేదూ!

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు మనుషులు వస్తారు.

బాస్కర్‌విల్ ఇంటిపని చూడడానికి సారా ఈవ్స్ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ భర్త ఏదో మోసం కేసులో ఇరుక్కుని, పెళ్ళాన్నీ పిల్లల్నీ వదిలి పారిపోయాడు. బాస్కర్‌విల్, సారా ఒకటిగా బతికారు. ఆ భర్త చనిపోయాక 1764లో గాని పెళ్ళి చేసుకోవడానికి వీలు కలగలేదు. ఆ రోజుల్లో ఊరివాళ్ళ చూపులు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1775లో బాస్కర్‌విల్ పోయాడు. ఆ తరువాత కొంతకాలం అక్షరాల పోతపని ఆవిడే నడిపింది. చివరికి 1779లో ఆ సరంజామా ఫ్రాన్సు నాటకకర్త బోమార్షేకి అమ్మింది. వోల్టేర్ రచనలన్నీ 70 సంపుటాలుగా ఆ అక్షరాలతో అచ్చయ్యాయి. చేతులు మారి మారి, ఆ ఉక్కు అచ్చులు 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి కానుకగా తిరిగొచ్చాయి. ఆవిడ వాటిని పాతసామాను కింద వదిలేసి ఉంటే ఏమయ్యేదో!

ఇక పార్మాలో మార్గెరీటా. 1791లో బొదోనిని పెళ్ళి చేసుకుంది. ఆయన తన అక్షరాలన్నింటినీ ఒకచోట చేర్చి ఒక మహాగ్రంథం వెయ్యాలనుకుని, అది పూర్తికాకుండానే 1813లో కన్నుమూశాడు. ఆ ముద్రణాలయంలో ఫోర్‌మన్‌గా పనిచేసిన లూయిజీ ఓర్సీని పక్కన పెట్టుకుని, ఐదేళ్ళు కష్టపడి, 1818లో రెండు సంపుటాలుగా ఆవిడ దాన్ని బయటికి తెచ్చింది. 'మాన్యువాలె తిపోగ్రాఫికో' అంటే ఇప్పటికీ అక్షరాలు గీసేవాళ్ళు చేతులు కడుక్కుని తాకే పుస్తకం. దాని మొదటి పేజీలో భర్త పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అచ్చువేసినవారి పేరు ఉండాల్సిన చోట ఏముందో తెలుసా? 'పార్మాలో, విధవ వద్ద' అని ఉంది. అంతే. ఫలానా మార్గెరీటా అని కూడా లేదు.

ఆనాటి ఆచారం అలా ఉంది, భర్త పోయాక అచ్చుపని నడిపే స్త్రీలని అలాగే రాసేవారు. ఎవర్నీ తప్పు పట్టి లాభం లేదు. అయినా ఆ పేజీ తలుచుకుంటే నాకు ఆ 'వి' అక్షరమే గుర్తొస్తుంది. ఒక పక్క లావుగా బొదోని. రెండో పక్క, ఉందా లేదా అన్నట్టు, ఆయన్ని బొదోనిగా నిలబెట్టిన గీత.

ఈ అక్షరాలని తిట్టిన మహానుభావులూ ఉన్నారు. ఇంగ్లండులో విలియం మారిస్ అని కవీ, చిత్రకారుడూ, సమసమాజం కోరినవాడూ. బొదోని అక్షరాలంటే ఆయనకి ఒళ్ళుమంట. వాటిని ఎంత మాట అనాలో అంతా అని, 1891లో సొంత ముద్రణాలయం పెట్టి, పాతకాలపు ఒత్తయిన అక్షరాలతో పుస్తకాలు వేశాడు. అవి అందంగా ఉన్నాయి. కాని 1896లో ఆయన వేసిన చాసర్ కావ్యాల ప్రతి వెల 20 పౌన్లు! కూలివాడి పక్షాన మాట్లాడే మనిషి పుస్తకం ఏ కూలివాడూ కొనలేకపోయాడు. లావుగీతల అందానికీ బిల్లు ఉంటుందన్నమాట.

ఇంకొకావిడ బియట్రిస్ వార్డ్. 1900లో న్యూయార్కులో పుట్టి ఇంగ్లండులో పనిచేసింది. అచ్చక్షరాల చరిత్ర మీద ఆడది రాస్తే ఎవరు చదువుతారని కాబోలు, పాల్ బోజాన్ అని మగపేరుతో రాసేది. ఆ వ్యాసాలు చదివి మోనోటైపు కంపెనీవారు ఉద్యోగానికి పిలిస్తే, వచ్చినది స్త్రీ అని తెలిసి తెల్లబోయారు! ఆవిడ 1930లో ఒక ఉపన్యాసంలో చెప్పిన పోలిక లోకప్రసిద్ధం. మంచి ద్రాక్షసారా ఉంది. నగిషీల బంగారు గిన్నెలో పోస్తారా, తేటగా కనబడే గాజుగ్లాసులో పోస్తారా? రుచి తెలిసినవాళ్ళు గాజుగ్లాసే అడుగుతారు. అచ్చక్షరం కూడా అలా తన్ను తాను మరుగుపరుచుకోవాలి, చదువరికి భావం కనబడాలి గాని గ్లాసు కాదు అని ఆవిడ వాదన. మన భాషలో చెప్పుకోవాలంటే, కాఫీ బాగుందనాలి గాని వెండిగ్లాసు బాగుందనిపించకూడదు.

నాకు ఈ మాట మూడువంతులు నచ్చుతుంది. నాలుగో వంతు దగ్గర ఆగుతాను. ఇంట్లో రోజూ తాగే మంచినీళ్ళకి గాజుగ్లాసే సరి. కాని గుమ్మానికి మావిడాకుల తోరణం ఎందుకు కడతాం? అది తలుపు తెరవడానికి పనికిరాదే! పండగొచ్చిందని చెప్పడానికి. పత్రిక పేరూ, కథ మకుటమూ గుమ్మాలు. అక్కడ తోరణం ఉండొచ్చు. మన వారపత్రికల్లో బాపు రాసిన కథల పేర్లు చూసే కదా ముందు ఆ పేజీ దగ్గర ఆగేవాళ్ళం! ఆ చేతిరాతనే తరువాత కంప్యూటర్లో అక్షరాలుగా చేసుకున్నారు. బొదోని, దిదోల సొగసు కూడా గుమ్మంలోదే. చిక్కల్లా ఆ తోరణాన్ని తెచ్చి వంటింట్లో, పడకగదిలో, నడవలో అన్నిచోట్లా కట్టినప్పుడు వస్తుంది.

ఎలాగంటారా? మకుటంలో అరచెయ్యంత అక్షరంలో సన్నగీత సొగసు. అదే అక్షరాన్ని చీమతలంత చేసి పేజీ నిండా పరిస్తే, సన్నగీతలు విరిగిపోతాయి, చెరిగిపోతాయి. లావుగీతలు మాత్రం కంచెలో కర్రల్లాగా వరసగా నిలబడతాయి. కళ్ళు జిగేల్‌మంటాయి. ఫ్రాంక్లిన్ స్నేహితుడి నొప్పి అప్పుడు నిజమవుతుంది.

పాతకాలపు పనివాళ్ళకి ఈ సంగతి తెలుసు. సీసపు అక్షరాల రోజుల్లో ప్రతి సైజునీ విడివిడిగా చెక్కాలి గనక, చిన్న సైజు చెక్కేటప్పుడు సన్నగీతకి కాస్త ఒళ్ళు పెట్టేవారు. తరువాత ఫొటో పద్ధతీ, కంప్యూటరూ వచ్చాయి. ఒకసారి గీసిన బొమ్మనే పెద్దదీ చిన్నదీ చేసుకోవడం మొదలైంది. సన్నగీతని పట్టించుకున్నవాళ్ళు తగ్గారు. అందుకే 1992లో 'హార్పర్స్ బజార్' పత్రికని కొత్తగా ముస్తాబు చేసినప్పుడు, జోనథన్ హోఫ్లర్ అనే ఆయన ఆ పత్రికకని గీసిన దిదో అక్షరాలని ఒక్కసారి గీసి ఊరుకోలేదు. ఒకే అక్షరాన్ని ఏడు సైజులకి ఏడు తీర్లుగా గీశాడు. చూసేవాళ్ళకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏ సైజులో సన్నగీత ఎంత బరువు మోయగలదో లెక్క చూసుకుని మరీ గీసినవి కాబట్టే అలా ఉంటాయి.

నాకు ఇందులో కనబడ్డ నీతి ఇది. సన్నగీత ఉండడం తప్పు కాదు. దాన్ని ఇంకా ఇంకా సన్నం చేసి, కిందినుంచి కాగితం, సిరా, ఒత్తిడి, సైజు ఏదీ చూసుకోకుండా, విరిగితే గీతదే లోపం అనడం తప్పు.

ఇదే మాట మా పక్కింటి పిన్నిగారితో అంటే, "చాల్లేవే, అక్షరాలకీ ఆడవాళ్ళకీ ముడిపెడతావు. అక్షరానికి నోరుందా? మనకుంది. విరిగేదాకా ఎందుకు ఊరుకోవాలి?" అన్నారు. ఆవిడ మాట కొట్టిపారెయ్యలేం. ఉక్కుమీద చెక్కిన గీత తన్నెంత సన్నం చెయ్యాలో తను చెప్పలేదు. మనిషి చెప్పగలదు. కాని చెప్పడానికి కూడా ఒకరు అడగాలిగా పిన్నిగారూ! పండగనాడు ఇరవైమంది భోంచేసి, "ఏం సందడిగా జరిగిందండీ" అని ఇంటాయన్ని మెచ్చుకుని వెళ్ళిపోతారు. ఆ సందడిని అక్షరంగా నిలబెట్టిన గీత ఆ పూట ఎన్నిసార్లు కూర్చుందో ఎవరు లెక్కపెట్టారు? అది ఎప్పుడూ ఆడదే అవ్వాలని కూడా లేదు. కొన్ని ఇళ్ళల్లో రిటైరైన తండ్రి సన్నగీత. కొన్ని ఇళ్ళల్లో పెళ్ళి మానుకుని తమ్ముళ్ళని చదివించిన అక్కయ్య. కొన్ని ఇళ్ళల్లో తెల్లారకుండా వచ్చి గిన్నెలు తోమే పనిమనిషి.

ఒంటి సంగతీ అంతే. ఆ సన్నటి అక్షరాల అట్ట మీదే అంతకంటే సన్నటి అమ్మాయిల్ని నిలబెట్టి, అందమంటే ఇదీ అని ఏళ్ళ తరబడి లోకానికి చూపించారు. ఎంతమంది పిల్లలు అన్నం మానేశారో! 2012లో వివిధ దేశాల వోగ్ సంపాదకులు 19 మంది కలిసి, పదహారేళ్ళు నిండని పిల్లల్నీ, తిండి మానే జబ్బు ఉన్నట్టు కనబడేవాళ్ళనీ తెలిసి తెలిసి బొమ్మలకి నిలబెట్టం అని ప్రకటించారు. ఆలస్యంగానైనా సన్నానికి ఒక హద్దు ఉండాలని వాళ్ళ నోటనే వచ్చింది.

పోనీ అన్ని గీతలూ లావు చేసేస్తే? అదీ జరిగింది. 19వ శతాబ్దం మొదట్లో లండన్ అచ్చువాళ్ళు లావుగీతని ఇంకా ఇంకా లావు చేసి, పొట్టపగిలే అక్షరాలు తయారుచేశారు. లాటరీ ప్రకటనల్లో అవి గోడలమీద నిలబడి అరిచేవి. అందరూ లావుగీతలే అయిన ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్ళకి కూడా నిద్ర ఉండదు.

ఇంకో దారీ ఉంది, అది మన అక్షరాలదే. పుస్తకాల్లో అచ్చయ్యే తెలుగు అక్షరం చూడండి. తలకట్టు నుంచి వట్రసుడి దాకా గీత ఇంచుమించు ఒకటే లావు. తాటాకు మీద గంటంతో రాసిన చేతి వారసత్వం అది. గంటానికి నొక్కు తెలుసు గాని పాళీలాగా విచ్చుకోవడం తెలియదు. ఆ గుండ్రదనంలో ఒక సమానత్వం ఉంది. అలాగని దిదో అక్షరం తప్పు, మనది ఒప్పు అనను. ఇంత సమానమైన అక్షరాలు రాసే మన ఇళ్ళల్లో పంక్తిభోజనం మాత్రం ఎవరు ముందు తినాలో ఎవరు చివర తినాలో తెలుసుకుని మరీ జరుగుతుంది కదా!

నాకు నచ్చిన ముగింపు ఆ సారా ఈవ్స్‌దే. ఆవిడ పోయిన రెండువందల ఏళ్ళ తరువాత, 1996లో అమెరికాలో ఉంటున్న జుజానా లిచ్కో అనే ఆవిడ బాస్కర్‌విల్ అక్షరాలని కొత్తగా గీసింది. వాటికి 'మిసెస్ ఈవ్స్' అని పేరు పెట్టింది. ఇంటిపనికి వచ్చిన మనిషి పేరు ఇవాళ ప్రపంచమంతా పుస్తకాల మీద తిరుగుతోంది. అయితే పేరు పెట్టడం కంటే నాకు ముచ్చటేసింది మరొకటి. ఆ అక్షరాలు గీస్తూ లిచ్కో లావుకీ సన్నానికీ ఉన్న తేడాని కొంచెం తగ్గించింది. సొగసు పోలేదు. తేలికదనం పోలేదు. సన్నగీత సన్నగానే ఉంది. కాస్త ఊపిరి పీల్చుకుందంతే.

మన ఇళ్ళల్లోనూ అంతకంటే ఎక్కువ అడిగేదేముంది? లావుగీతని ఎవరూ చిక్కిపొమ్మనరు. పండగా మానక్కర్లేదు, ముగ్గూ మానక్కర్లేదు. వచ్చే పండగకి సన్నగీత ఎవరో ఒకసారి చూసుకుని, ఆ మనిషి విస్తరి ముందు వరసలో వేస్తే సరి.